ఇనెస్‌కు చూపించిన తీరం

బుధవారం పొద్దున ఏడు గంటలకు నోరీన్ దగ్గర్నుంచి ఫోను వచ్చేసరికి లలితకుమారి బ్రెడ్డు కాలుస్తోంది. పైన బాత్రూంలో షవర్ చప్పుడు వినిపిస్తోంది. ఇనెస్ లేచిందన్నమాట.

నోరీన్ ఐర్లాండ్‌లో ట్రాలీ అనే ఊళ్లోని ఒక ఇంగ్లీషు స్కూల్లో పిల్లల బాగోగులు చూసే మనిషి. ప్రతి వేసవికీ స్పెయిన్ నుంచి, ఇటలీ నుంచి పిల్లలు మూడేసి వారాలు ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఇక్కడికి వస్తారు. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం ఆటలు, బుధవారాలు సముద్రం వైపు టూర్లు. ఉండటం మాత్రం ఊళ్లో ఎవరో ఒకరి ఇంట్లో. లలితకుమారి కూతురు లోహిత గాల్వేలో కాలేజీకి వెళ్లిపోయాక పైగది ఖాళీ అయింది. భర్త పురుషోత్తం ఆసుపత్రిలో మత్తుమందు డాక్టరు, ఎప్పుడు వస్తాడో ఎప్పుడు వెళ్తాడో చెప్పలేని ఉద్యోగం. ఇంట్లో ఒక్కతీ ఉండలేక, నిరుటి నుంచి ఆమె కూడా స్కూలు పిల్లల్ని పెట్టుకుంటోంది. ఇనెస్ వచ్చి పన్నెండు రోజులైంది. పదిహేనేళ్ల పిల్ల. స్పెయిన్‌లో సలమాంకా దగ్గర ఏదో చిన్న ఊరు.

"లలితా, ఆ పిల్ల నీ పక్కన ఉందా?" అని అడిగింది నోరీన్.

"లేదు, స్నానం చేస్తోంది."

"అయితే ఒక్క నిమిషం కూర్చో."

లలితకుమారి కూర్చోలేదు. నిలబడే విన్నది. ఇనెస్ తండ్రి పోయాడు. బేకరీలో పని ఆయనకు, తెల్లవారుజామునే వెళ్లిపోతాడు. పొయ్యి దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడట. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది. నలభై ఆరేళ్లు. తల్లికి ఇంగ్లీషు రాదు, పిన్ని స్కూలుకు ఫోను చేసింది.

"వాళ్ల బాబాయి మధ్యాహ్నం విమానంలో డబ్లిన్ వస్తాడు. అక్కణ్ణుంచి కారులో ఏడింటికల్లా మీ ఇంటికి చేరుకుంటాడు. తనే చెప్తాడట. అప్పటిదాకా ఆ పిల్లకు తెలియకూడదని తల్లి కాళ్లావేళ్లా పడుతోంది. చెప్పినప్పుడు పట్టుకోవడానికి తన మనిషి ఒకరుండాలి కదా అంటోంది. కాదని ఎలా అనను?"

"అయితే ఇవాళ ఇంట్లోనే ఉంచుకుంటాను."

"ఏమని చెప్పి ఉంచుతావు? టూర్ కోసం వారం నుంచీ ఎదురుచూస్తోంది. ఆపితే అనుమానం వస్తుంది. నువ్వు కూడా బస్సులో రా, నీ దగ్గర చనువుగా ఉంటుంది. ఫోన్ల సంగతి నేను చూసుకుంటాను. ఇవాళ అందరూ ఫోన్లు ఇచ్చేయాలి, ఇంగ్లీషే మాట్లాడాలి అని పందెం పెడతాను. వాళ్ల బంధువుల పిల్లలు ఎవరో ఒకరు ఆన్‌లైన్లో ఏదో ఒకటి పెడతారు, ఆ పిల్ల చూస్తుంది. అదే నా భయం."

ఫోను పెట్టేశాక లలితకుమారికి మాడిన వాసన తగిలింది. బ్రెడ్డు తీసి చెత్తలో వేసి మళ్లీ రెండు ముక్కలు పెట్టింది.

పురుషోత్తం బూట్లు వేసుకుంటూ ఉండగా ఇనెస్ తడి జుట్టుతో మెట్లు దిగి వచ్చింది. రోజూ లాగే "గుడ్ మార్నింగ్ ఆంటీ, గుడ్ మార్నింగ్ అంకుల్" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ పిలుపులు లోహిత ఫోనులో నేర్పినవి.

లలితకుమారి ఆ పిల్ల ముందు జామ్ సీసా పెడుతూ, మామూలు గొంతుతో తెలుగులో చెప్పింది. "ఏవండీ, ఈ పిల్ల వాళ్ల..." నాన్న అనబోయి ఆగిపోయింది. ఆ మాట ఇనెస్‌కు తెలుసు. అది కూడా లోహిత నేర్పిందే. "వాళ్ల తండ్రిగారు పోయారటండీ. తెల్లారగట్ల. పనిలోనే పడిపోయారట."

పురుషోత్తం చేతిలోని బూటు తాడు అలాగే ఉండిపోయింది. "దీనికి తెలుసా?"

"తెలీదు. చెప్పొద్దన్నారు. సాయంత్రం బాబాయి వచ్చి చెప్తాడట. అప్పటిదాకా టూర్‌కి తిప్పమన్నారు, నన్నూ వెళ్లమన్నారు."

"మా ఆసుపత్రిలో అయితే ఇలా నానబెట్టం లలితా. గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పేస్తాం."

"నేనేం చెయ్యనండీ? తల్లి వద్దంటోంది."

"అవును," అన్నాడు ఆయన బూటు తాడు బిగిస్తూ. "తల్లి వద్దంటే ఇంకేముంది."

ఇనెస్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ నవ్వుతోంది. తెలుగు వినడం ఆ పిల్లకు సరదా. వేగంగా పరుగెత్తే నీళ్లలా ఉంటుందని ఒకసారి అన్నది. లలితకుమారి ఇంకో ముక్క పెట్టబోతే చెయ్యి అడ్డుపెట్టి, తనకు వచ్చిన రెండో తెలుగు మాట వాడింది. "చాలు."

పురుషోత్తం వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల తలమీద చెయ్యి వేశాడు. ఆ పన్నెండు రోజుల్లో ఆయన అలా చెయ్యడం అదే మొదలు. ఇనెస్ తల ఎత్తి ఆశ్చర్యంగా చూసింది.

స్కూలు ముందు బస్సు దగ్గర నోరీన్ ఒక బుట్టలో ఫోన్లు వేయించుకుంటోంది. నలభై మంది పిల్లలు గొణిగారు. అందరికంటే గట్టిగా గొణిగింది ఇనెస్. నాన్నకు ఫొటోలు పంపాలి, రోజూ రెండు గంటలకు మాట్లాడాలి, శుక్రవారం క్లాసులో చెప్పాల్సిన దానికి బొమ్మలు కావాలి అంది. ఆ వారం వాళ్లకు ఇచ్చిన పని అదే. చదువుకోవడానికి వచ్చినవాళ్లు ఈ తీరాన్ని ఎందుకు చూడాలో క్లాసులో నిలబడి ఇంగ్లీషులో చెప్పాలి.

"ఫొటోలు నేను తీస్తాను, గ్రాండ్‌గా ఉంటాయి," అంది నోరీన్. ఇనెస్ నిట్టూర్చి ఫోను బుట్టలో వేసింది.

బస్సు ఊరు దాటి కొండలెక్కింది. మబ్బులు విడిపోయి, వారం రోజుల తర్వాత ఎండ కాసింది. లలితకుమారి పక్క సీటులో కూర్చుని ఇనెస్ నోటుపుస్తకం తీసి, క్లాసులో చెప్పాల్సిన కారణాల కోసం ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుంది.

మొదటగా ఇంచ్ బీచిలో ఆగారు. కంటికి ఆనినంత మేరా ఇసుక. సముద్రం చాలా దూరం వెనక్కి వెళ్లిపోయి ఉంది. పిల్లలకు నల్ల రబ్బరు సూట్లు తొడిగి, పలకలు ఇచ్చి, అలల మీద నిలబడడం నేర్పించారు. ఇనెస్ పదిసార్లు పడింది. పదకొండోసారి నిలబడి, రెండు క్షణాలు నిలబడి, ఒడ్డున ఎవరైనా చూశారా అని వెతికింది. లలితకుమారి చెయ్యి ఊపింది. ఊపిన చెయ్యి దించడం మర్చిపోయి అలాగే ఉండిపోయింది.

పిల్లలు నీళ్లలో ఉండగానే ఆమె దూరంగా వెళ్లి లోహితకు ఫోను చేసి సంగతి చెప్పింది.

"అమ్మా, దట్స్ మ్యాడ్. యూ హావ్ టు టెల్ హర్," అంది లోహిత. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు ఎప్పుడూ ఇంగ్లీషులోనే, అదీ అచ్చం ఇక్కడివాళ్ల యాసలో. "ఇట్స్ హర్ డ్యాడ్."

"వాళ్లమ్మ వద్దందే."

"వుడ్ యూ వాంట్ దట్? ఇఫ్ ఇట్ వాస్ నాన్న?"

కూతురికి ఎప్పుడూ చెప్పని విషయం ఒకటి లలితకుమారికి గుర్తుకొచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్నప్పుడు ఆమె తండ్రి పోయాడు. సీరియస్‌గా ఉందని మాత్రం చెప్పి, పెదనాన్న రైలెక్కించి సామర్లకోటకు తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఆయన టీలు ఇప్పించాడు, పరీక్షలు ఎలా రాశావని అడిగాడు, కిటికీలోంచి అన్నవరం కొండ చూపించాడు. వీధిలో టెంటు చూసేదాకా ఆమెకు తెలియలేదు. తండ్రి పోయినందుకు ఏడ్చిన ఏడుపు కొన్నేళ్లకు తగ్గింది గానీ, పెదనాన్న ముఖం చూస్తే మాత్రం ఆయన బతికున్నంత కాలం ఒళ్లు మండేది. ఆ రోజు రైల్లో అంతా తెలిసీ ఆయన ఎలా కూర్చుని ఉంటాడన్నది ముప్పై ఏళ్ల తర్వాత ఈ ఇసుకలో మొదటిసారి ఆమె ఆలోచనకు వచ్చింది.

"ఉంటానమ్మా, పిల్లలు వస్తున్నారు," అని పెట్టేసింది.

డింగిల్ అనే ఊళ్లో రేవు పక్కన అందరికీ ఐస్‌క్రీములు కొనిచ్చారు. అక్కడ సముద్రపు ఉప్పు వేసి చేస్తారు. ఇనెస్ ఒక చెంచా తిని, ముఖం చిట్లించి, మళ్లీ తిని, చాలా బాగుందంది. ఉన్ని బట్టల దుకాణంలోకి లలితకుమారి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ముదురు ఆకుపచ్చ టోపీ ఒకటి తీసి ఆమె తలమీద పెట్టి చూసింది.

"నాన్నకి. బేకరీలో వేడి, బయట చలి. ఎప్పుడూ జలుబు."

"ఇంకో దుకాణంలో చూద్దాంలే," అంది లలితకుమారి.

"ఇది బాగా లేదా?"

బాగానే ఉంది. లేదని ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. ఇనెస్ కొనుక్కుని, సంచిలో పెట్టుకుని, దాన్ని రెండుసార్లు తెరిచి చూసుకుంది. బయట నోరీన్ ఎదురై ఆ సంచిని చూసి, ఏమిటని అడగబోయి, లలితకుమారి ముఖం చూసి ఆగిపోయింది.

అక్కణ్ణుంచి రోడ్డు సన్నబడింది. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. ఒకచోట రాళ్లతో గుండ్రంగా కట్టిన పాతకాలపు గుడిసెలున్నాయి. వాటి పక్కనే ఒక రైతు గొర్రెపిల్లల్ని ఎత్తుకోనిస్తాడు. ఇనెస్ ఒకదాన్ని గుండెకు హత్తుకుని కూర్చుంది. అది ఆమె చొక్కా గుండీ చప్పరిస్తుంటే, ఫొటోలు తీస్తానన్న నోరీన్ దగ్గర్లో లేదని ఇనెస్ లలితకుమారి ఫోను అడిగింది. లలితకుమారే ఫొటో తీసింది. మంచి ఫొటో. ఆ పిల్ల కళ్లు మూసుకుని నవ్వుతోంది.

"టైమెంత ఆంటీ?"

"రెండూ పది."

ఇనెస్ గొర్రెపిల్లను దించేసి లేచింది. "ఒక్క నిమిషం మీ ఫోను. నాన్న పడుకోడు, నేను చేసేదాకా. నేను చేశాకే పడుకుంటాడు."

"రూలు కదమ్మా."

"స్పానిష్ మాట్లాడను. ఇంగ్లీషే. నాన్నకి రాదు, కానీ వింటాడు."

"ఇక్కడ సిగ్నల్ లేదనుకుంటా."

ఇనెస్ ఫోనులోకి తొంగిచూసింది. సిగ్నల్ గీతలు మూడు కనిపిస్తున్నాయి. ఆమెను చూసింది. కోపంగా కాదు, ఎందుకిలా అంటోందా అన్నట్టు. "అయితే ఈ ఫొటో పంపండి. ఒక్క ఫొటో. మాట్లాడను."

లలితకుమారి నోరీన్ కోసం చూసింది. నోరీన్ ఎవరికో మోకాలు గీరుకుంటే గుడ్డ కడుతోంది. కాదనడానికి ఇక సాకు దొరకలేదు. ఇనెస్ తండ్రి నంబరు ఒక్కొక్క అంకె చెబుతుంటే ఆమె నొక్కింది. చనిపోయిన మనిషికి, గొర్రెపిల్లను ఎత్తుకున్న కూతురి ఫొటో పంపింది.

ఒక టిక్కు పడింది. రెండో టిక్కు పడింది. ఆ ఫోను ఎక్కడో, ఎవరి దగ్గరో, ఇంకా పనిచేస్తూనే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. రెండు టిక్కులూ నీలంగా మారాయి.

"చూశాడు," అంది ఇనెస్.

చాలాసేపటికి అవతలి నుంచి ఒక ఎర్ర గుండె బొమ్మ వచ్చింది.

అది తల్లి పంపిందని లలితకుమారికి వెంటనే తెలిసింది. ఆ ఇంట్లో, ఆ మనుషుల మధ్య, భర్త ఫోను చేతిలో పట్టుకుని, కూతురికి అనుమానం రాకూడదని ఆ బొమ్మ కోసం వెతికి ఉంటుంది.

ఇనెస్ మాత్రం నవ్వలేదు. "నాన్న గుండె పంపడు," అంది నెమ్మదిగా. "ఎప్పుడూ బొటనవేలే. నేను వెక్కిరిస్తాను. అన్నిటికీ బొటనవేలే."

"ఫొటో బాగుంది కదా, అందుకే పంపి ఉంటాడు."

ఇనెస్ ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపుకు లలితకుమారి తన ముఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఫోను సంచిలో వేసుకుని, జిప్పు లాగుతూ తల వంచుకుంది. ఆ జిప్పు లాగడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత డంక్విన్ రేవు. కొండ అంచు నుంచి సముద్రం దాకా సన్నటి దారి మెలికలు తిరుగుతూ దిగుతుంది. ఎదురుగా మనుషులెవరూ లేని దీవులు. పిల్లలంతా కేకలు వేస్తూ దిగారు. ఇనెస్ దిగలేదు. పైన గోడ మీద కూర్చుంది. లలితకుమారి పక్కన కూర్చుంది. ఏమైందని ఆ పిల్ల అడగలేదు. అడుగుతుందేమోనని భయపడుతూ కూర్చున్న లలితకుమారికి, ఆ పిల్ల కూడా అడగడానికి భయపడుతోందని కొంతసేపటికి అర్థమైంది. అడిగితే నిజమైపోతుంది. ఇద్దరూ ఒకే విషయానికి అటొకరూ ఇటొకరూ కూర్చుని ఆ దీవుల్ని చూశారు. ఇప్పుడు చెప్పేయాలని ఆమె రెండుసార్లు నోరు తెరిచింది. తల్లికి ఇచ్చిన మాట తనది కాదు, నోరీన్ ఇచ్చింది. అయినా ఇక్కడ చెప్తే ఏమవుతుంది, ఈ గోడ మీద, ఈ గాలిలో, నలభై మంది చూస్తుండగా? చెప్పకపోతే మాత్రం ఏమవుతోంది? నోరు మూసుకుంది.

"చలిగా ఉందా?" అని అడిగింది చివరికి.

"లేదు."

తిరుగుదారిలో ఇనెస్ కిటికీకి తల ఆనించి కూర్చుంది. నోటుపుస్తకం తియ్యలేదు. స్కూలు దగ్గర ఫోన్లు తిరిగి ఇస్తుంటే అందరూ ఎగబడ్డారు. ఇనెస్ ఫోనుకు చార్జింగు అయిపోయిందని, ఇంటికి తర్వాత తెచ్చిస్తానని నోరీన్ చెప్పింది. ఆ పిల్ల వాదించకుండా తల ఊపడం చూసి నోరీన్ అవతలికి తిరిగింది.

ఏడు కాకముందే ఇంటి ముందు కారు ఆగింది. జూలై ఎండ ఇంకా వీధంతా పరుచుకుని ఉంది. పురుషోత్తం ఆ రోజు తొందరగా వచ్చి, వంటింట్లో పేపరు పట్టుకుని కూర్చున్నాడు గానీ పేజీ తిప్పడం లేదు. ఇనెస్ ముందుగది కిటికీ దగ్గర నిలబడి ఉంది. కారులోంచి పొడుగాటి మనిషి దిగాడు. నలిగిన చొక్కా, గడ్డం గీసుకోని ముఖం.

ఇనెస్ కదల్లేదు. అతను గేటు దాటి వచ్చి, తలుపు తెరిచి ఉండడంతో నేరుగా లోపలికొచ్చి, ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని స్పానిష్‌లో ఏదో అన్నాడు. రెండు మూడు మాటలే. అతన్నే చూస్తూ ఆ పిల్ల ఒకటే మాట మళ్లీ మళ్లీ అంది. అది "సీ" అని, అంటే అవును అని లలితకుమారికి తెలుసు. తెలుసని చెబుతోంది. ఆ తర్వాత బాబాయి భుజం మీద ముఖం పెట్టుకుంది. చప్పుడేమీ బయటికి రాలేదు, వీపు మాత్రం ఎగిరెగిరి పడింది.

లలితకుమారి గడపలో నిలబడిపోయింది. దగ్గరికి వెళ్లడానికి ఆమెకు హక్కు లేదు.

అరగంట తర్వాత ఆమె పైకి వెళ్లేసరికి ఇనెస్ బట్టలు సర్దుకుంటోంది. సాయం చెయ్యబోయి లలితకుమారి ఒక స్వెట్టరు మడత పెడితే, ఆ పిల్ల దాన్ని అందుకుని విప్పి, మళ్లీ తనే మడత పెట్టుకుంది.

"మీకు తెలుసా? పొద్దున?" అని అడిగింది, పెట్టె వైపే చూస్తూ.

"తెలుసు."

"బ్రెడ్డు తిన్నప్పుడు?"

"తెలుసమ్మా."

"బీచిలో, నేను నిలబడ్డప్పుడు?"

"తెలుసు."

"ఐస్‌క్రీము?"

"ఆ."

"టోపీ కొన్నప్పుడు?"

లలితకుమారి తల ఊపింది.

"గొర్రెపిల్ల," అంది ఇనెస్. పెట్టె మూసి, జిప్పు లాగి, దానిమీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. వాళ్లమ్మ చెప్పొద్దందని, తనకు కూడా ఒకప్పుడు ఇలాగే జరిగిందని, రోజంతా తన లోపల ఏం జరిగిందో చెప్పాలని లలితకుమారికి ఉంది. ఇంగ్లీషులో ఒక్క మాటా కూడదీసుకోలేకపోయింది. తెలుగులో అయినా ఏం చెప్పి ఉండేదో తెలియదు.

"సారీ, ఇనెస్."

ఇనెస్ తల ఊపింది. క్షమించినట్టు కాదు, విన్నట్టు.

వెళ్లేటప్పుడు బాబాయి పురుషోత్తం చేతిని రెండు చేతులతో పట్టుకుని థాంక్యూ, థాంక్యూ అన్నాడు. లలితకుమారికి కూడా చెప్పాడు. ఇనెస్ అప్పటికే కారులో కూర్చుని, సీటు బెల్టు పెట్టుకుని, ముందుకు చూస్తోంది.

కారు మలుపు తిరిగాక పురుషోత్తం అన్నాడు. "నువ్వేం తప్పు చెయ్యలేదు లలితా. తల్లి చెప్పినట్టే చేశావు."

"మా పెదనాన్న కూడా అంతేనండీ," అంది ఆమె, "మా అమ్మ చెప్పినట్టే చేశాడు."

ఆయనకు ఆ కథ తెలియదు.

పదిరోజుల తర్వాత ఇనెస్ పిన్ని దగ్గర్నుంచి ఇంగ్లీషులో ఒక మెసేజి వచ్చింది. అంత్యక్రియలు అయిపోయాయట. మీరు మా పిల్లను ఆ రోజంతా సంతోషంగా ఉంచారు, మా అక్క మీకు రుణపడి ఉంది అని రాసింది. లలితకుమారి జవాబు రాయడం మొదలుపెట్టి మూడుసార్లు చెరిపేసింది. ఇనెస్ నా గురించి ఏమైనా అన్నదా అని రాసి అది కూడా చెరిపేసింది. చివరికి పాప అన్నం తింటోందా అని మాత్రం అడిగింది.

మర్నాడు సాయంత్రం జవాబు వచ్చింది. కొంచెం కొంచెం తింటోంది, ఎక్కువ మాట్లాడటం లేదు, ఐర్లాండ్ మాట ఎత్తితే గదిలోకి వెళ్లిపోతుంది, మీరు ఏమీ అనుకోకండి అని ఉంది.

లలితకుమారి దాన్ని రెండుసార్లు చదివింది. ఏమీ అనుకోనని జవాబు రాసి, పంపి, వంటింట్లో కుర్చీలో కూర్చుంది. పురుషోత్తం ఆసుపత్రి నుంచి వచ్చి కూర ఏం చేశావని అడిగేదాకా అలాగే కూర్చుని ఉంది.